రత్తమ్మగారి అడ్వాన్సు, నా ఏడో సెక్షను

మనుషులు ఇళ్లు రకరకాలుగా పోగొట్టుకుంటారు. కృష్ణకు వరదొచ్చి కొందరివి పోతాయి. పేకాటలో కొందరివి పోతాయి. అన్నదమ్ముల పంపకాల్లో కొందరివి పోతాయి. నేను మాత్రం నిక్షేపంలాంటి అద్దె ఇంటిని, ఎవరూ పొమ్మనకుండా, ఎవరితోనూ తగువు పడకుండా, తమలపాకులో పెట్టించుకుని, రెండు చేతులా అందుకుని మరీ పోగొట్టుకున్నాను. పుచ్చుకున్నాక "థాంక్సండీ" అని కూడా అన్నాను. ఇంత మర్యాదగా తన కొంప తానే ముంచుకున్నవాడు బెజవాడలో మరొకడుంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

డెబ్బైల నాటి మాట. స్కూలు ఫైనలుతో నా బడి చదువు ఆగిపోయింది. ఆగింది బడేగాని చదువు కాదు. మా పేట గ్రంథాలయంలో వరసబెట్టి పుస్తకాలు చదవటం మొదలుపెట్టాను. ఇది చదవాలి, అది అక్కర్లేదు అనే తేడా నాకు లేదు. చెదపురుగుకు ఉంటుందా? తేనెటీగల పెంపకం చదివిన వారం మా వీధివాళ్లు కిటికీలు మూసుకుని పడుకున్నారు. ప్రకృతి చికిత్స చదివినప్పుడు మా ఆవిడ విమల మట్టిపట్టీలకు భయపడి పుట్టింటికి వెళ్లి, ఆ పుస్తకం వాపసు ఇచ్చేశానని కబురందాకే తిరిగొచ్చింది.

చదువు ఇలా ఉంటే, ఉద్యోగం వన్ టౌన్‌లో ఒక గోతాల కొట్టులో. గుమస్తాను. ఆ కొట్టులో నేను చేసిన ఒక ఘనకార్యం ముందే చెప్పాలి. ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మా షావుకారు ఒకసారి ఏలూరు వ్యాపారి దగ్గర గోతాలకు బేరం కుదుర్చుకుని బయానా ఇచ్చాడు. ఇచ్చిన కొద్ది రోజులకే గోతాల ధర పెరిగింది. బేరం తెంచుకుందామని ఏలూరాయన బయానా పట్టుకుని మా కొట్టుకు వచ్చాడు. మా బజారులో ఒక పద్ధతి ఉంది. ఇచ్చిన బయానా ఇచ్చినవాడి చేతిలో తిరిగి పడిందంటే బేరం అక్కడితో తెగినట్టే. ఇంక కాగితాల్లేవు, సాక్షుల్లేవు. షావుకారు బయటికి వెళ్లాడు, కొట్లో ఉన్నది నేను.

"తీసుకోవయ్యా, మీ సొమ్ము" అన్నాడాయన.

"నా చేతులు ఖాళీ లేవండీ" అని రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకున్నాను.

ఆయన కాటా చుట్టూ తరిమాడు. నేను కాటా చుట్టూ తిరిగాను. ఆయన నోట్లు నా చొక్కా జేబులో కుక్కబోయాడు. నేను చొక్కా విప్పి గోతాల మీదికి విసిరేసి, బనీనుతో వీధిలోకి పరుగెత్తాను. వీధిలో తోపుడుబండ్లవాళ్లు ఈలలు వేశారు. ఆ సాయంత్రం షావుకారు పునుగులు తెప్పించి, "మూర్తీ, బయానాను తప్పించుకోవటంలో నీ అంతటివాడు లేడయ్యా" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

మేం పటమటలో రత్తమ్మగారింట్లో వెనక వాటాలో ఉండేవాళ్లం. రత్తమ్మగారికి భర్త లేడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ కొత్తపాటి డాబా ఇల్లు, ఒక నుయ్యి, వీధిలో అందరిమీదా అధికారం. అద్దెకు దిగేటప్పుడు మూడు నెలల అడ్వాన్సు అడిగింది.

"మూడు నెలలాండీ?"

"మీ ముందున్నాయన పెద్దమనిషే అనుకున్నాను నాయనా. వెళ్తూ వెళ్తూ బల్బులు విప్పుకెళ్లాడు. పోనీలే అనుకున్నాను. నూతి గిలక కూడా పట్టుకెళ్లాడు. గిలక ఏం చేసుకుంటాడు చెప్పు? అప్పట్నించీ మనుషుల మీద నాకు నమ్మకం మూడు నెలల దగ్గరే నిలబడింది."

విమల కాసులపేరు ఒకటి బజారుకు వెళ్లి, ఆ మూడు నెలలూ సమకూరాయి. మేం దిగిన వారానికి రత్తమ్మగారు విమల చేతిమిషను చూసింది. అప్పుడు విమల వెనక గదిలో చీకట్లో కూర్చుని జాకెట్లు కుడుతోంది.

"ఆ చీకట్లో కళ్లు పోగొట్టుకుంటావా అమ్మాయ్? వీధి అరుగుమీద పెట్టుకో."

"అరుగు మా వాటాలోది కాదుగా పిన్నిగారూ."

"అరుగు అద్దెలోది కాదు. నా ఇష్టంలోది. పెట్టుకో."

ఆ అరుగే మా అదృష్టం. వెలుతురు బాగుండేది. కూరలకు పోయే ఆడవాళ్లు దారిలో ఆగి కొలతలిచ్చేవాళ్లు, వచ్చేటప్పుడు ఆగి కబుర్లిచ్చేవాళ్లు. నెలకు నా జీతం పదిహేనో తారీకు దాకా వస్తే, తక్కిన నెలంతా విమల జాకెట్లమీద నడిచేది. ఇంకో వీధికి మారితే ఆ బేరాలన్నీ మొదట్నించి వెతుక్కోవాల్సిందే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

విమలకు ఒకటే బాధ. చేతిమిషనుతో కుడిచెయ్యి తిప్పుతూనే ఉండాలి. రాత్రయ్యేసరికి భుజం లాగేసేది. కాలితో తొక్కే మిషనుంటే రెండు చేతులూ గుడ్డమీదే ఉంటాయని అనేది. అడిగేది కాదు, అనేది. అడిగితే లేదనొచ్చుగాని, అంటే ఏం చేస్తాం?

సరిగ్గా అప్పుడే గ్రంథాలయంలో ఇళ్ల అద్దెల చట్టం తెలుగు పుస్తకం నా వరసలోకి వచ్చింది. దానికి ముందుది కోళ్ల పెంపకం. కోళ్లలోంచి చట్టంలోకి దిగి, ఏడో సెక్షను దగ్గర ఆగిపోయాను. ఇంటివాళ్లు ఒక్క నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు! అక్షరాలా అచ్చయి ఉంది! పుస్తకం అక్కడే మూసేశాను. బంగారం దొరికిన చోట ఆగకుండా ఇంకా కిందికి తవ్వేవాడు పిచ్చివాడు కదా అనుకున్నాను. నిజమైన పిచ్చివాడు ఎవరన్నది ఆఖర్న తేలుతుంది.

సైకిలు తొక్కుతున్నంతసేపూ ఆ సెక్షన్ని మంత్రంలా జపిస్తూ ఇంటికొచ్చాను.

"విమలా, నీ కాలిమిషను వచ్చేసింది."

"ఎక్కడ?" అని గుమ్మంలోకి చూసింది.

"ఏడో సెక్షన్లో."

విషయం చెప్పాను. ఆవిడ సూది నోట్లోంచి తీసి, "ఏవండీ, ఆవిడతో గొడవ వద్దు. అరుగు ఇచ్చింది, నూతి దగ్గర మనకే ముందు తోడుకోమంటుంది. కాలిమిషను వచ్చే ఏడు కొనుక్కుందాం" అంది.

"గొడవెవడు పడతాడే? చట్టం చెబుతాను. అదనంగా పుచ్చుకున్న రెండు నెలలదీ ఇచ్చేస్తుంది. అంతే."

"అంతేనా?"

"అంతే."

"మీరు అంతే అన్నప్పుడల్లా నాకు గుండె దడండీ."

ఆదివారం పొద్దున విమల కుట్టిన జాకెట్లు ఇచ్చిరావటానికి వెళ్లింది. రత్తమ్మగారు పెరట్లో నులకమంచంమీద వడియాలు పెడుతోంది. కాకులు గోడమీద కమిటీలా కూర్చున్నాయి. మంచి సమయం అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"రత్తమ్మగారూ, భవన యజమానులు కిరాయిదారుల వద్దనుండి ఒక మాసపు కిరాయికి మించిన మొత్తమును ముందుగా గైకొనరాదు."

ఆవిడ పిండి చెయ్యి అలాగే ఉంచి తలెత్తింది. "నాకు చెవుడు లేదు నాయనా. అయినా ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో చెప్పు."

"మేమిచ్చిన అడ్వాన్సు వెనక్కి కావాలండీ. అదనపుదే."

ఆ ఆఖరి ముక్క ఆవిడ చెవిన పడలేదు. సరిగ్గా ఆ క్షణాన ఒక కాకి వడియాలమీదికి దిగింది, ఆవిడ "హుష్!" అంది. నా "అదనపుదే" ఆ "హుష్"లో పడి కాకితోపాటు ఎగిరిపోయింది.

"అడ్వాన్సు వెనక్కా?" అంది మెల్లగా.

"అవునండీ."

"ఎప్పటికి?"

"ఎంత తొందరగా అయితే అంత మంచిదండీ. ఆలస్యం చట్టవిరుద్ధం."

"అమ్మాయికి తెలుసా?"

"అసలు ఇదంతా ఆవిడ కోసమేనండీ."

"ఆ పిల్ల కోసమా?" ఆవిడ మొహం వాడిపోయింది. "ఆ పిల్లకు ఇక్కడ బాధగా ఉందా?"

నా మనసులో విమల భుజం ఉంది. "చాలా రోజుల్నించీ బాధపడుతోందండీ. పైకి చెప్పదు."

రత్తమ్మగారు పిండిలోకి వంగింది. వడియం ఒకటి పెట్టింది. అది మిగతావాటిలా గుండ్రంగా రాలేదు. చట్టం విని బెదిరిందని నేను లోలోపల జాలిపడ్డాను.

నాలుగు రోజులు గడిచాయో లేదో, నన్ను తన వసారాలోకి పిలిచింది. తమలపాకులో ఒక అరటిపండు, పోకచెక్క, మా నోట్లు. పచ్చగా ఉన్నాయి.

"నువ్విచ్చినవే నాయనా. పసుపు డబ్బాలో పెట్టాను, ముట్టుకోలేదు. చూసుకో."

చూసుకున్నాను. మూడు నెలలదీ ఉంది! చట్టం దెబ్బ అంటే అదీ! రెండడిగితే మూడొచ్చింది. దొడ్డమనసుతో అన్నాను: "ఒక నెలది మీ దగ్గర ఉంచుకోండి. అది మీ హక్కేనండీ."

"ఒకరి సొమ్ము నాకెందుకయ్యా? తీసుకో."

తీసుకున్నాను. ఏలూరు వ్యాపారిని చూసి చొక్కా విప్పి పారిపోయిన వీరుణ్ణి, రెండు చేతులూ చాపి, ఒంగి, తమలపాకుతో సహా అందుకున్నాను. చెప్పానుగా, థాంక్సు కూడా చెప్పాను.

"చల్లగా ఉండండి నాయనా, ఎక్కడున్నా" అంది రత్తమ్మగారు.

ఎక్కడున్నా అన్న మాట నాకు వినపడింది. గోతాల కొట్లో ఉన్నా, గ్రంథాలయంలో ఉన్నా అని అర్థం చేసుకున్నాను.

మర్నాడే వన్ టౌన్ వెళ్లి, చేతిమిషను మారకానికిచ్చి, పసుపు నోట్లు పైన వేసి, కాలిమిషను రిక్షాలో ఎక్కించుకొచ్చాను. నల్లగా మెరుస్తూ, బంగారు పువ్వులతో, అరుగుమీద అది కూర్చుంటే ఏనుగుపిల్లలా ఉంది. విమల ముందు నన్ను చూసింది, తర్వాత మిషన్ని చూసింది, తర్వాత మిషన్నే చూస్తూ ఉండిపోయింది.

"నిజంగా గొడవ పడలేదుగా?"

"గొడవా? అరటిపండు కూడా పెట్టిందే!"

ఆ తర్వాత మా ఇంట్లో వింతలు మొదలయ్యాయి. నిదానంగా వినండి. ప్రతి వింతకూ నా దగ్గర సెక్షను సిద్ధంగా ఉంది.

రత్తమ్మగారు విమలను పిలిచి బొట్టుపెట్టి, పసుపు కుంకుమతో జాకెట్టు గుడ్డ ఇచ్చింది. "నావల్ల ఏదన్నా కష్టం కలిగుంటే మనసులో పెట్టుకోకమ్మా" అని కళ్లొత్తుకుంది. విమల కంగారుగా వచ్చి నాతో చెప్పింది.

"దండెంమీద బట్టల దగ్గర మొన్నొక మాటనుకున్నాం, అదేనా అంటే కాదంది. ఎందుకు ఏడుస్తోందండీ?"

"పశ్చాత్తాపం. చట్టం తెలిశాక మంచివాళ్లకు అలాగే ఉంటుంది."

మర్నాడు గోంగూర పచ్చడి జాడీ నిండా వచ్చింది. "కొత్తచోట పచ్చళ్లు కుదరవు" అని చెప్పి పంపిందట. జాడీ కొత్తదేమో, అందులో కుదరటానికి కొన్నాళ్లు పడుతుందని కాబోలు అని విమలకు వివరించాను. విమల జాడీని తిప్పి చూసింది. అది పాత జాడీ. మూత దగ్గర పెచ్చు కూడా ఊడింది.

ఆ తర్వాత సున్నాలు వేసే అప్పన్న వచ్చి మా గోడలు తడిమి చూసిపోయాడు.

"గోడలెందుకు చూశాడండీ?"

"మరమ్మతులు ఇంటివాళ్ల బాధ్యత. అదీ చట్టమే."

"ఈ చట్టం ఇంతకాలం ఎక్కడ చచ్చింది?" అంది విమల. నేను మొహం మాత్రం సమాధానం తెలిసినట్టే పెట్టాను.

అసలు దెబ్బ జాకెట్లవాళ్ల దగ్గర తగిలింది. ఎదురింటి సీతాయమ్మ వచ్చి, "నా గుడ్డలు ఇచ్చెయ్యమ్మా" అంది.

"ఇంకా చేతులు కుట్టలేదు పిన్నీ."

"ఎంతవరకు కుడితే అంతవరకు చాల్లే తల్లీ. హడావిడిలో ఎక్కడో పోతాయి."

ఆవిడ వెనకాలే ఇంకో ఇద్దరు. మెడ కుట్టినవి, కత్తిరించినవి, సుద్ద గీతలు మాత్రమే గీసినవి, అన్నీ పట్టుకుపోయారు. కొత్త మిషను ముందు విమల ఖాళీ చేతులతో కూర్చుంది.

"నా కుట్టు నచ్చటంలేదేమోనండీ" అంది. "కాలిమిషనుమీద కొత్త కదా, వంకర పోతుందనుకున్నారేమో. ఎవరూ మొహంమీద చెప్పటంలేదు."

అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఎందుకంటే దీనికి నా దగ్గర సెక్షను లేదు.

ఆదివారం వచ్చింది. నేను అరుగుమీద పేపరు చదువుతుంటే ఒక సన్నటి మనిషి, కళ్లజోడు, భార్యతో సహా గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో టేపు. నమస్కారం పెట్టి, "ప్రభాకరమండీ. కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్ని. మీ పని మీరు చేసుకోండి, మంచం పడుతుందో లేదో కొలుచుకుని వెళ్తాం" అన్నాడు.

"ఏ మంచమండీ?"

"మా మంచం."

"మీ మంచం మా గదిలో ఎందుకు పట్టాలండీ?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మీరు ఖాళీ చేస్తున్నారటగా? ఒకటో తారీకున మేం పాలు పొంగించుకుంటున్నాం."

విమల లోపలినించి వచ్చింది. నా మొహం చూసింది. ఆ చూపులోనే నేను నూతిలో పడ్డ బిందెలా బుడుంగుమన్నాను. నేరుగా రత్తమ్మగారి వసారాలోకి వెళ్లింది. వెనకాల నేను. నా వెనకాల టేపుతో ప్రభాకరంగారు. ఆయన వెనకాల వాళ్లావిడ.

"పిన్నిగారూ, మేం ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

రత్తమ్మగారు తెల్లబోయింది. "నన్నడుగుతావేంటమ్మా? నీకిక్కడ బాధగా ఉందని మీ ఆయన అడ్వాన్సు పుచ్చుకున్నాడుగా."

"నాకా? బాధా? ఎవరన్నారు?"

అందరూ నావైపు తిరిగారు.

"భుజం..." అన్నాను.

"ఏ భుజం?" అంది రత్తమ్మగారు.

"ఆవిడ భుజం నొప్పండీ. మిషనువల్ల. ఇంటివల్ల కాదు. నేనడిగింది అదనపు అడ్వాన్సు. మీరు హుష్ అన్నారు."

"కాకినన్నానయ్యా!"

"నేను ఖాళీ చేస్తానని ఎప్పుడన్నానండీ?"

"అడ్వాన్సు చేతిలోకి పుచ్చుకున్నాక నోటితో వేరే చెప్పాలా? పుచ్చుకున్నావా లేదా? రెండు చేతులా పుచ్చుకున్నావా లేదా? మూడు నెలలదీ ఎందుకిచ్చాననుకున్నావు మరి? నీ మొహం చూసి మురిసిపోయా?"

అప్పుడు కనపడ్డాడు నా కళ్లముందు ఏలూరు వ్యాపారి. కాటా చుట్టూ తిరుగుతూ, నోట్లు ఊపుతూ, పగలబడి నవ్వుతున్నాడు.

విమల కూడా అదే మనిషిని చూసినట్టుంది. "బజార్లో అయితే చొక్కా విప్పి పరుగెత్తుతారు" అంది, నెమ్మదిగా. "ఇంట్లో ఎందుకు పరుగెత్తలేదండీ?"

అంతే అంది. వెళ్లి అరుగుమీద మిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండా, దారం లేకుండా, ఖాళీ మిషను తొక్కటం మొదలుపెట్టింది. గడగడమని ఆ చప్పుడు ఇల్లంతా నిండింది. ఆవిడ తిట్టుంటే ఎంత బాగుండేదో ఈనాటికీ అనుకుంటాను.

"రత్తమ్మగారూ, ఆ అడ్వాన్సు మళ్లీ ఇచ్చేస్తాను."

"తే."

"అది... ఆ చప్పుడు చేస్తోందండీ."

ఆవిడ నిట్టూర్చింది. "ఉన్నా ఏం లాభం? వీళ్ల దగ్గర పుచ్చుకున్నాను. మాటంటే మాటే. ఆ పిల్ల పోతుందంటే నాకు మాత్రం అన్నం సయించిందా? అరుగు బోసిపోతుందని రోజూ ఏడుస్తూనే ఉన్నాను. నువ్వు చేసిన పనికి ఎవర్నననూ?"

ప్రభాకరంగారు ఇబ్బందిగా నిలబడ్డాడు. మంచివాడు, పాపం. "మేమూ మూడు నెలలు ఇచ్చుకున్నామండీ, మరి" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది నమ్మండి. అది పథకం కాదు. ఎత్తు కాదు. నాకంత తెలివే ఉంటే ఈ కథే ఉండేది కాదు. కేవలం అలవాటు. మూడు నెలలు అన్న మాట చెవిన పడేసరికి, పక్కన ఇల్లు అంటుకున్నా సరే, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"మూడు నెలలా? అది చట్టవిరుద్ధమండీ! ఏడో సెక్షను. ఒక నెలకు మించి పుచ్చుకోకూడదు."

"నిజంగానా?" అన్నాడు ప్రభాకరంగారు. ఆయన కళ్లజోడు వెనక ఒక మెరుపు మెరిసింది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. పుస్తకం మధ్యలో మూసేసేవాళ్ల కళ్లలో మెరుస్తుంది.

"అచ్చులో చూశానండీ."

వాళ్లావిడ ఆయన మోచేతిని పొడిచింది. "అడగండి మరి. ఆ పక్కవీధి ఇంటాయన ఒక నెలకే ఇస్తానన్నాడుగా. వంటింట్లో పంపు కూడా ఉంది. ఇక్కడ నుయ్యి."

ప్రభాకరంగారు గొంతు సవరించుకున్నాడు. నేను సవరించుకున్నట్టే, అచ్చం అలాగే. "అమ్మా, మరి... అదనంగా ఇచ్చిన రెండు నెలలదీ వెనక్కి ఇప్పిస్తే..."

మిషను చప్పుడు ఆగింది.

రత్తమ్మగారు ఆయన్ని చూసింది. నన్ను చూసింది. అరుగుమీద విమలను చూసింది. ఈసారి కాకులెక్కడా లేవు, ప్రతి ముక్కా వినపడింది. లోపలికి వెళ్లింది. పసుపు డబ్బా మూత చప్పుడైంది. తమలపాకు, అరటిపండు, పోకచెక్కతో తిరిగొచ్చింది. ఆకులో మూడు నెలలదీ ఉంది.

"అన్నీ ఉన్నాయి, చూసుకోండి బాబూ" అంది.

ప్రభాకరంగారి రెండు చేతులూ చాపుకున్నాయి. 'అయ్యా, చేతులు వెనక్కి పెట్టుకోండి, చొక్కా విప్పి పరుగెత్తండి' అని నేను ఆయనకు చెప్పాలి. ధర్మం అదే. చెప్పలేదు. అరుగుమీద విమల రెండు చేతులూ బిగించి పట్టుకుని ఉంది.

పుచ్చుకున్నాడు. "థాంక్సండీ" కూడా అన్నాడు.

"మంచిది బాబూ. అయితే వేరే చోట చూసుకుంటున్నారన్నమాట" అంది రత్తమ్మగారు.

ఆయన నోరు తెరిచేలోపల వాళ్లావిడ, "అవునండీ, ఆ పంపు ఇల్లే మాకు నయం. మీరు కూడా ఏమనుకోకండి" అని, విమలవైపు తిరిగి, "మీరు జాకెట్లు కుడతారా? ఇలాంటి అంచు వేస్తారా?" అని అక్కడే కొలతలిచ్చింది. ఆయన టేపు చేతిలోనే ఉండటంవల్ల వేరే వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

వాళ్లు గేటు దాటాక నేను ఛాతీ విరుచుకున్నాను. "చూశారా రత్తమ్మగారూ, చట్టం చివరికి..."

"నువ్వు నోరు మూసుకో" అంది ఆవిడ. "ఇల్లు ఖాళీగా ఉంది. అడ్వాన్సు ఎవరిస్తే వాళ్లది."

నా జేబులో గ్రంథాలయం చీటీ తప్ప ఏం లేదు. విమల లేచి లోపలికి వెళ్లింది. గుండీల డబ్బా తెచ్చి అరుగుమీద బోర్లించింది. గుండీలు, హుక్కులు, వాటి మధ్య మడిచి మడిచి పెట్టిన నోట్లు. నాకు తెలియని డబ్బు. తర్వాత తెలిసింది, అది కాలిమిషను కోసం తనే కూడబెట్టుకుంటున్నదని.

"ఒక నెలదే ఉంది పిన్నిగారూ" అంది తలవంచుకుని.

రత్తమ్మగారు నవ్వటం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "చట్టప్రకారమే ఉందిగా! ఇలా తే." విమల చేతిలోంచి పుచ్చుకుంది. "నీమీద నమ్మకానికి నాకు ఒక నెల కూడా అక్కర్లేదమ్మా. పద్ధతి కోసం పుచ్చుకుంటున్నాను. ఇక ఈ ఇల్లు నీది, అరుగు నా ఇష్టంలోది."

"మరి నేనండీ?" అన్నాను.

"నీ అడ్వాన్సు నువ్వు పుచ్చుకున్నావుగా నాయనా? నీ సంగతి ఇంటావిణ్ణి అడుగు."

ఇంటావిడ నన్ను కిందినించి పైదాకా చూసింది. "ముందు సీతాయమ్మ పిన్ని దగ్గర్నించి మొదలుపెట్టి, అందరిళ్లకూ వెళ్లి ఆ గుడ్డలన్నీ పట్టుకురండి. తర్వాత ఆలోచిద్దాం" అంది.

వెళ్లాను. ప్రతి గుమ్మంలోనూ కథంతా చెప్పించుకుని గాని గుడ్డ ఇవ్వలేదు.

ఇంకొక్క ముక్క మిగిలింది. ఆ వారం మనసాగక గ్రంథాలయానికి వెళ్లి, ఆ పుస్తకాన్ని ఈసారి చివరిదాకా చదివాను. ఫలానా తేదీ తర్వాత కట్టిన కొత్త ఇళ్లకు ఈ చట్టం వర్తించదని వెనక ఒక సెక్షను తాపీగా కూర్చుని ఉంది. రత్తమ్మగారి డాబా ఆ తేదీకి ఎంతో తర్వాత కట్టింది! అంటే ఏడో సెక్షన్ని నేను ఏ ఇంటిమీద ప్రయోగించానో, ఆ ఇంటి గుమ్మం కూడా అది తొక్కలేదు. ఆవిడ మూడు నెలలేం ఖర్మ, మూడేళ్లది అడిగినా నేను కిక్కురుమనటానికి లేదు.

నిజం తెలిసినవాడు ఊరుకోకూడదు కదా. ఆవిడకు చెప్పేద్దామని వసారావైపు బయల్దేరాను. విమల మిషను ఆపి లేచొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని వీపు వెనక్కి పెట్టి, గుమ్మంలోంచి వెనక్కి తిప్పింది.

కాబట్టి పాఠకులారా, పటమట వీధిలో ఆ అరుగు సాక్షిగా, ఆ మిషను సాక్షిగా, ఎగిరిపోయిన ఆ కాకి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ పుస్తకాన్నీ నచ్చిన చోట మూయను. ఎవరు తమలపాకుతో ఎదురొచ్చినా ముందు చేతులు వెనక్కి కట్టుకుంటాను, అవసరమైతే చొక్కా విప్పుతాను. ఇక ఇల్లు ఖాళీ చెయ్యటమంటారా, ఆ భయం నాకు లేదు. ఆనాటినించీ నేను విమలగారింట్లో, అడ్వాన్సు కట్టకుండా, ఆవిడ ఇష్టంలో ఉంటున్నాను.